ముప్పై ఒకటిన్నర అంగుళాలు

పొద్దున్న ఎనిమిదింటికి టైలరు కొట్టు షట్టరు సగం ఎత్తి, తల వంచి లోపలికి దూరేవాడు. లైటు వేసి, మిషను మీది గుడ్డ తీసి మడతపెట్టి, నాలుగు చోట్ల నూనె చుక్కలు వేసి, టేపు మెడలో వేసుకున్నాకే మిగతా సగం ఎత్తేవాడు. మెడలో టేపు లేకుండా నలుగురి ముందుకీ రావడమంటే ఆయనకి చొక్కా లేకుండా వచ్చినంత సిగ్గు. షట్టరు పూర్తిగా పైకి లేచేసరికి పక్కనే ఉన్న రొట్టెల కొట్టావిడ, మోచేతుల దాకా పిండితో, గుమ్మంలో నిలబడి ఉండేది.

ఆవిడ భాష ఈయనకి రాదు, ఈయనది ఆవిడకి రాదు. ఆవిడ కొడుకు పేరు చెప్పేది, అంతే. టైలరు టేపు కొసని బల్ల మీద ఎడమ బొటనవేలి కింద అదిమిపట్టి, ఆ పేరు తనూ ఒకసారి పైకి అని, కుడిచేతి వేళ్ళని టేపు మీద మెల్లగా జరుపుకుంటూ పోయేవాడు. ఒకచోట వేళ్ళు ఆగిపోయేవి. ఇక జరగమన్నా జరిగేవి కావు. అక్కడున్న అంకె ఆవిడకి చూపించేవాడు. ఎక్కడో ఓడరేవులో పనిచేసే ఆ కొడుకు నడుము ఆ పూట అంతుందన్నమాట.

ఒకరోజు ముప్పై నాలుగు కాస్తా ముప్పై రెండుకి దిగింది. ఆవిడ పిండి చేతులతోనే ఫోను తీసి కొడుకుని పట్టుకుని చెడామడా వాయించేసింది. గోడ ఇవతల కాజాలు కుట్టుకుంటున్న టైలరుకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, 'తిండి మానేసి ఏం చేస్తున్నావురా' అన్నది మాత్రం బాగానే అర్థమైంది. రెండు నెలల్లో కుర్రాడు మళ్ళీ ముప్పై మూడున్నరకి వచ్చాడు.

ఆ వీధిలో ఉన్నవాళ్ళంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. ప్రతివాళ్ళకీ ఎక్కడో ఒకళ్ళు మిగిలిపోయే ఉన్నారు. అందుకని అక్కడ ఎవరు దూరం వెళ్తున్నా ముందు టైలరు దగ్గరికొచ్చి ఒళ్ళు కొలిపించుకుని వెళ్ళేవాళ్ళు. ఒక్కసారైనా ఆయన చేత్తో కొలిచి ఉండాలి, పేరు పైకి అనాలి, ఆ రెండే షరతులు. "ఇంత చెబుతావు, మావాడు పెళ్ళి చేసుకున్నాడో లేదో చెప్పలేవా?" అని దెబ్బలాడినవాళ్ళు కూడా లేకపోలేదు.

ఇక్కడి భాషలో టైలరుకి వచ్చినవి ఆరు మాటలు. పొడుగు, పొట్టి, వదులు, బిగుతు, రేపు, ఎల్లుండి. ఆ ఆరింటితోనే పదిహేనేళ్ళు నెట్టుకొచ్చాడు మహానుభావుడు. వాటిలో ఎక్కువ వాడింది చివరి రెండూ. ఆయన రేపంటే ఎల్లుండి అని, ఎల్లుండంటే ఇక దేవుడే దిక్కని ఖాతాదార్లందరికీ తెలుసు.

భార్యనీ ఎనిమిదేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని ఈ దేశం వచ్చినప్పుడు ఆయన అనుకున్నది రెండేళ్ళు. నాలుగు రాళ్ళు వెనకేసుకుని వెళ్ళిపోదామని. సొంతూళ్ళో తమ్ముడి ఇంట్లో తల్లి ఉంది. బయల్దేరే రోజు తల్లిని గుమ్మంలో నిలబెట్టి, చేతులూ భుజాలూ నడుమూ అన్నీ కొలిచాడు. "ఇప్పుడెందుకురా ఇవన్నీ?" అంటూనే ఆవిడ చేతులు చాచి నిలబడింది.

ఏటా ఒక రవిక కుట్టి పంపేవాడు. ఏ ఏటికా ఏడు చేతుల కొలత పావు అంగుళం తగ్గేది, భుజం కుంగేది. తల్లి ముసలిదైపోవడం ఆయన ఆ బల్ల మీదే చూశాడు. పార్సిలు అందాక ఆవిడ ఫోనులో, "పక్క గదిలో కూర్చుని కుట్టినట్టు సరిపోయిందిరా నాన్నా" అనేది. ఆ మాట విన్న రోజున ఆయన ఇక కత్తెర ముట్టేవాడు కాదు.

కూతుర్ని పిచిక అని పిలిచేవాడు. పొద్దున లేచింది మొదలు నోరు మూతపడేది కాదు కాబట్టి ఆ పేరు. ఇక్కడికొచ్చిన ఆరు నెలల్లో ఆ పిల్ల భాష పట్టేసింది, ఇంటిల్లిపాదికీ నోరైపోయింది. ఇంటి ఓనరుతో పంపు బాగుచేయించమని పోట్లాడిందీ, కరెంటాఫీసులో గడువడిగిందీ, తల్లికి ఎక్కడ ఎలా నొప్పిగా ఉందో తనకే అర్థంకాని మాటల్లో డాక్టరుకి చెప్పిందీ అంతా ఆ తొమ్మిదేళ్ళ, పదేళ్ళ పిల్లే. ముందు తండ్రి వైపు తిరిగి వినేది, తర్వాత అవతలి మనిషి వైపు తిరిగి చెప్పేది. ఇంటికొచ్చాక నీరసంగా పుస్తకం మీదే నిద్రపోయేది. 'పిల్ల చురుకైంది' అని మురిసిపోయారే గానీ, అలిసిపోతోందని అమ్మకీ నాన్నకీ తోచలేదు.

పిచికకి పదిహేనేళ్ళప్పుడు ఈ దేశంలో ఉండటానికి కాగితాలిచ్చే ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. బల్ల అవతల బుర్రమీసాల ఆఫీసరు. ఇవతల టైలరు, భార్య, మధ్యలో పిచిక. ఆఫీసరు కలం పట్టుకుని ఒక ప్రశ్న అడిగాడు. పిచిక తండ్రి వైపు తిరిగింది.

"ఇక్కడే ఉండిపోతారా, కొన్నాళ్ళుండి వెళ్ళిపోతారా అని అడుగుతున్నాడు నాన్నా."

"మా అమ్మ అక్కడుంది, రెండేళ్ళలో వెళ్ళిపోతామని చెప్పు."

పిచిక ఆఫీసరు వైపు తిరిగి చెప్పింది. ఆయన రాసుకుని, సంతకాలు పెట్టించుకుని, ముద్ర కొట్టి, అప్పుడు తీరిగ్గా ఇంకో మాటన్నాడు. ఇవాళ్టి నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఎవరూ దేశం దాటకూడదు. దాటితే మళ్ళీ రానివ్వరు, పైగా అపరాధం. ఆ మాట చెబుతుంటే పిచిక మొహం పాలిపోయింది. 'పాపం, పిల్ల కూడా నాయనమ్మని తలుచుకుని బెంగపడుతోంది' అనుకున్నాడు టైలరు. ఆ తర్వాత ఐదేళ్ళు ఆ బుర్రమీసాల మనిషిని తిట్టని రోజు లేదు.

ఐదో ఏడు, రవిక మొదలుపెట్టిన రోజున, దాని ఒంటి భాగం కత్తిరించి కుట్టేసి, చేతుల కొలత కోసం టేపు పరిచాడు. "అమ్మ" అన్నాడు. వేళ్ళు జరిగాయి. పది దాటాయి, పన్నెండు దాటాయి, ఎక్కడా ఆగలేదు. టేపు మొత్తం అయిపోయి వేళ్ళు ఉత్త బల్ల మీద పడ్డాయి. ఆయన మళ్ళీ అన్నాడు, మళ్ళీ పడ్డాయి. తమ్ముడి ఫోను వచ్చింది మర్నాడు. కానీ భార్య టీ తెచ్చేసరికే ఆయన బల్ల మీద తల వాల్చి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

మూడో రోజున పిచిక వచ్చి మిషను పక్కన నేల మీద కూర్చుంది. అప్పటికి దానికి ఇరవై ఏళ్ళు.

"నాన్నా, ఆ ఆఫీసులో నువ్వు చెప్పింది నేను చెప్పలేదు."

"ఏ ఆఫీసులో?"

"వెళ్ళిపోతామని చెప్పమన్నావు. నేను ఉండిపోతామని చెప్పాను. వెళ్ళిపోతామంటే వేరే కాగితం ఇచ్చేవాళ్ళు. దాంతో ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి రావచ్చు."

"ఎందుకే?" అన్నాడు టైలరు.

"నేను అప్పటికే ఒకసారి అన్నీ వదిలేసి వచ్చాను. మళ్ళీ వదిలెయ్యడం నా వల్ల కాలేదు. ఎనిమిదేళ్ళ మాట ఉంటుందని నాకు తెలీదు నాన్నా. ఆయన చెప్పేసరికి ముద్ర పడిపోయింది."

"మా అమ్మని కడసారి చూసుకోనివ్వలేదు కదే నన్ను!"

పిచిక ఏడుస్తూనే లేచి నిలబడింది. ఏడుపులో కోపం కూడా కలిసింది. "తప్పే. కానీ నాన్నా, ఎనిమిదేళ్ళ పిల్లని మూటలతో పాటు మోసుకొచ్చారు. వస్తావా అని అడిగారా? అప్పట్నుంచీ అమ్మ నొప్పులూ నీ తగాదాలూ అన్నీ నా నోటితోనే చెప్పించారు. అన్ని వేల మాటల్లో ఒక్కటంటే ఒక్కటి నా మాట చెప్పుకున్నాను."

"నా కళ్ళెదుట ఉండకు" అన్నాడు టైలరు.

కోపంలో అన్న మాటే. కానీ తండ్రి మొండితనం ఆ పిల్లకీ వచ్చింది. సాయంత్రానికి బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆయన ఆ పేరెత్తడం మానేశాడు. మూడేళ్ళపాటు ఆ ఇంట్లో పిచిక అన్న మాట వినబడలేదు.

ఆయన మానేశాడు గానీ కన్నతల్లి ఎలా మానేస్తుంది? టైలరు భార్యకి ఉన్నట్టుండి మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. ప్రతి గురువారం మధ్యాహ్నం గిన్నెలో ఏదో మూటగట్టుకుని, బస్సెక్కి మోకాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేది. మూడేళ్ళ వైద్యంలో ఆ నొప్పులు తగ్గిందీ లేదు, పెరిగిందీ లేదు. డాక్టరుకి గిన్నెలెందుకని ఈయనా అడగలేదు. ఒక గురువారం మాత్రం ఆవిడ వచ్చి, గోడకేసి చూస్తూ, "మా డాక్టరు పెళ్ళి చేసుకుంది. ఇళ్ళకి రంగులేసే అబ్బాయట, బుద్ధిమంతుడట" అంది. టైలరు దారం తెంపి, "ఊఁ" అన్నాడు.

ఇలా ఉండగా ఎనిమిదేళ్ళ గడువూ తీరింది. "వచ్చెయ్యన్నయ్యా, వీధి వైపు గది ఖాళీగానే ఉంది, మిషను వేసుకుందువుగాని" అన్నాడు తమ్ముడు. తల్లి లేని ఇంటికి వెళ్ళి ఏం చేస్తాడో టైలరుకే తెలీదు. కానీ పదిహేనేళ్ళుగా వెళ్ళాలి వెళ్ళాలి అనుకున్న మనిషి, తీరా తలుపు తెరిచాక వెళ్ళకపోతే ఎలా? రెండు నెలల తర్వాతికి టిక్కెట్టు కొనేశాడు. ఇదిగో కొట్టు మూసేస్తున్నామని అట్టముక్క కూడా కట్టాడు.

"నేను రాను" అంది భార్య.

"ఎందుకు రావూ?"

"మోకాళ్ళ వైద్యం సగంలో ఉంది."

"సరే, నేనొక్కణ్ణే పోతా."

"పోండి. ఎవరొద్దన్నారు?" అని ఆవిడ వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు ఎత్తి పడేసింది. ఆ చప్పుడు మూడిళ్ళకి వినబడింది.

వట్టి చేతులతో వెళ్ళడం బాగోదని తమ్ముడికీ మరదలికీ బట్టలు కుట్టడానికి కూర్చున్నాడు. పాత అలవాటు ప్రకారం ఒకరి తర్వాత ఒకరి పేరు అంటూ కొలతలు తీసుకుంటున్నాడు. తమ్ముడు, నలభై ఒకటి. బాగా ఒళ్ళు చేశాడు వెధవ. మరదలు, ముప్పై ఆరు. మరదలి తర్వాత ఇదివరకు అమ్మ అనేవాడు, అమ్మ తర్వాత పిచిక అనేవాడు. అమ్మ దగ్గర నాలుక తడబడి, దాటేసి, తర్వాతి పేరు మీద పడింది.

"పిచిక."

అనేశాక గతుక్కుమన్నాడు. మూడేళ్ళ తర్వాత తన నోటి మాటే తనకి కొత్తగా వినబడింది. ఈలోగా వేళ్ళు ఇరవై ఎనిమిది మీద ఆగిపోయాయి.

ఆ పిల్ల నడుము ఇరవై ఐదు. 'పోన్లే, తింటోంది' అనుకున్నాడు. మర్నాడు, ఒక్కసారే కదా అని మళ్ళీ అన్నాడు. ఆ మర్నాడూ అన్నాడు. వారం తిరిగేసరికి నడుము ఇరవై తొమ్మిదికి దగ్గర పడింది, చేతులూ భుజాలూ మాత్రం ఉన్నట్టే ఉన్నాయి. నడుమొక్కటే పెరిగే ఒళ్ళంటే ఏమిటో టైలరుకి ఒకరు చెప్పాలా? ముప్పై ఏళ్ళుగా కడుపుతో ఉన్నవాళ్ళ బట్టలు కుట్లు విప్పి వదులు చేసిన చేతులవి. ఆయన టేపు పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు.

ఆ గురువారం భార్య ఇంటికి రాగానే, "మోకాళ్ళెలా ఉన్నాయే?" అని అడిగాడు.

ఆవిడ అనుమానంగా చూసింది. "బాగానే ఉన్నాయి. కాస్త నీరు పట్టాయి."

"వేళకి తినమను."

"ఎవర్ని?"

"మోకాళ్ళని."

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నవ్విందో ఏడ్చిందో తెలీదు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరికీ తెలుసని ఇద్దరికీ తెలుసు, అయినా ఒక్కరూ బయటపడలేదు. మొండి ఘటాలు.

రోజూ పొద్దున రొట్టెల కొట్టావిడ వెళ్ళగానే, షట్టరు వైపు వీపు పెట్టి కూతురి పేరు అనుకోవడం ఆయనకి అలవాటైపోయింది. ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై ఒకటి. వారానికో అంగుళం, ఎలా పెరగాలో అలాగే పెరుగుతోంది. ఊరెళ్ళడానికి బట్టలు కుడుతున్నాడన్న మాటే గానీ, ధ్యాసంతా ఆ ఒక్క అంకె మీదే. 'నేను వెళ్ళాక కూడా అక్కణ్ణుంచి కొలుచుకోవచ్చులే' అని సర్దిచెప్పుకున్నాడు. అమ్మని పన్నెండేళ్ళు ఇలాగే చూసుకున్నాడు కదా. ఆ మాట అనుకోగానే మాత్రం టేపు బల్ల మీంచి లాగేసుకున్నాడు.

ముప్పై రెండు దగ్గర నడుము ఆగింది. ఒక వారం చూశాడు. ముప్పై రెండు. రెండో వారమూ ముప్పై రెండే. ఆ తర్వాతి మంగళవారం పొద్దున పేరు అంటే, వేళ్ళు ముప్పై రెండుకి ఇవతలే ఆగిపోయాయి.

ముప్పై ఒకటిన్నర.

నాలుగుసార్లు కొలిచాడు, అంతే. చెయ్యి కొలిచాడు, భుజం కొలిచాడు, అవి తగ్గలేదు. తిండి లేక కాదన్నమాట. కడుపుతో ఉన్న నడుము ఒకోసారి ఒక వారం ఆగుతుంది, అదాయన ఎన్నో చూశాడు. వెనక్కి రావడం మాత్రం చూడలేదు. ఒకే ఒక్కసారి చూశాడు, చాన్నాళ్ళ క్రితం, కొట్టుకొచ్చిన ఒకావిడ దగ్గర. ఆవిడ వదులు చేయమని ఇచ్చిన గౌను మళ్ళీ తీసుకెళ్ళడానికి రాలేదు.

పట్టపగలు పదింటికి షట్టరు దించేశాడు. టేపు మెడలోనే ఉంది. ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చి, "పద" అన్నాడు.

"ఎక్కడికి?"

"మోకాళ్ళ డాక్టరు దగ్గరికి."

"ఇవాళ మంగళవారం."

"తెలుసు. పదవే!"

ఆవిడ ఆయన మొహం చూసి, ఇంకో మాట అడక్కుండా పొయ్యి కట్టేసి చెప్పులేసుకుంది.

బస్సులో తొమ్మిది స్టాపులు. ఇంత దగ్గరా అనుకున్నాడు టైలరు. మూడేళ్ళుగా తొమ్మిది స్టాపుల దూరంలో ఉన్న పిల్లని ఆయన సముద్రాల అవతల పెట్టుకున్నాడు. తలుపు తీసిన పిచిక తల్లిని చూసి నవ్వబోయి, వెనకాల తండ్రిని చూసి అలాగే నిలబడిపోయింది. మొహం కాస్త ఉబ్బింది, జుట్టు పైకి ముడేసుకుంది. నిలబడటంలో ఒక్కసారిగా నాయనమ్మలా కనబడింది.

"పిచికా, చేతులెత్తు" అన్నాడు టైలరు.

"మూడేళ్ళకొచ్చి..."

"తిడుదువుగానిలే, ఎన్నైనా తిట్టు. ముందు చేతులెత్తమ్మా."

ఎత్తింది. టేపు చుట్టూ తిప్పి దగ్గరికి లాగాడు. ముప్పై ఒకటిన్నర.

"బిడ్డ కదులుతోందా?"

"నిన్న తక్కువ కదిలింది. ఇవాళ ఇంకా లేదు. పడుకుందేమో అనుకున్నా." కడుపు మీద చెయ్యి పెట్టి చూసుకుంది. "పోయిన వారం డాక్టరు చూసింది నాన్నా. మనిషి చిన్నది, బిడ్డా చిన్నదే, పదిహేను రోజులాగి రమ్మంది."

"ఆగొద్దు. ఇప్పుడే వెళ్దాం. చెప్పులెక్కడున్నాయి?" అని, కూతురు వంగలేకపోతుంటే ఆయనే కింద కూర్చుని తొడిగాడు. వెనక నిలబడ్డ భార్య అది చూసి మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పెద్ద హడావుడిలో ఉంది. వారం కిందట చూశాను కదా అంది. టైలరు కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. "నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. రోజూ నా కొట్లో కూర్చునే నీ నడుము కొలుస్తున్నాను. రెండు వారాలు ముప్పై రెండు మీదే ఆగింది. ఇవాళ పొద్దున్న అర అంగుళం వెనక్కొచ్చింది. చెయ్యి తగ్గలేదు, భుజం తగ్గలేదు. కడుపొక్కటే తగ్గింది."

పిచిక తండ్రి వైపు తిరిగి వింది. డాక్టరమ్మ వైపు తిరిగి చెప్పింది. ఒక్క మాట వదల్లేదు, ఒక్క మాట కలపలేదు. చిన్నప్పుడు చెప్పినట్టే, అదే పద్ధతిలో. డాక్టరమ్మ ఏదో అడిగింది.

"అంత దూరం నుంచి కొలిస్తే అర అంగుళం అటూ ఇటూ రాదా అంటోంది నాన్నా."

"పావు కూడా రాదని చెప్పు."

డాక్టరమ్మ తల పంకించి, మంచం మీద పడుకోబెట్టి స్కానింగు మిషను తెప్పించింది. తెర మీద చూస్తూ చూస్తూ మాటలు తగ్గించేసింది. నర్సుని కేకేసింది. కడుపులో నీరు ఇగిరిపోతోందట, బిడ్డ నీరసించిపోతోందట, ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే చెప్పలేమట. ఈ పూటే బిడ్డని బయటికి తియ్యాలట. పిచిక ఇవన్నీ కన్నవాళ్ళకి మన భాషలో చెప్పి, చివర్న తన మాటగా, "భయమేస్తోంది నాన్నా" అంది.

"నేనున్నాగా" అన్నాడు టైలరు.

అల్లుడు ఒంటినిండా రంగు చుక్కలతో పరిగెత్తుకొచ్చేసరికి ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత. ఏడ్చింది కూడా, సన్నగా. ఎత్తుగా, సిగ్గుగా ఉన్న ఆ కుర్రాడు మామగారి ముందు ఏం చేయాలో తెలీక నిలబడితే, ఈయనకీ తెలీక, కంటితోనే భుజం కొలిచేశాడు. పందొమ్మిది. వేసుకున్న చొక్కా బిగుతు. "బిగుతు" అన్నాడు పైకి, వాళ్ళ భాషలోనే. అల్లుడు కంగారుపడి కాలరు వదులు చేసుకున్నాడు. అలా మొదలైంది వాళ్ళ స్నేహం.

బిడ్డని గాజుపెట్టెలో పెట్టారు. ఆస్పత్రి బట్టల్లో అన్నిటికన్నా చిన్నది వేసినా ఆ పిల్ల అందులో కనబడకుండా పోయేది. టైలరు కొట్టుకెళ్ళి, కొక్కేనికి మూడేళ్ళుగా వేలాడుతున్న రవిక తీశాడు. చేతులు కుట్టని రవిక. బల్ల మీద పరిచి కుట్లు విప్పడం మొదలెట్టాడు. భార్య చూసి కంగారుపడింది.

"ఏమండీ, అది అత్తయ్యది కదా!"

"అమ్మకి ఇంక కొలత లేదే" అన్నాడు టైలరు. "మనవరాలికుంది."

మెత్తటి పాత గుడ్డ. అందులోంచి బుల్లి చొక్కాలు మూడొచ్చాయి. చేతుల కొలత రెండంగుళాలు. ఆయన జన్మలో అంత చిన్న చెయ్యి కుట్టలేదు. కుట్టినంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు, కుట్టు మాత్రం ఎక్కడా వంకర పోలేదు.

పన్నెండు రోజులకి బిడ్డని ఇంటికి పంపుతామన్నారు. టిక్కెట్టు రోజుకి ఇంకా రెండు రోజులుంది. ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరూ ఎత్తలేదు. టిక్కెట్టు ఎక్కడుందో భార్యకి తెలుసు, గుండీల డబ్బా కింద. పొద్దున ఆవిడ ఆ డబ్బా ఎత్తి చూసి, మళ్ళీ అలాగే పెట్టేసింది. పిచికకి కూడా తెలుసు. తల్లి గురువారాల్లో చెప్పకుండా ఉంటుందా?

చిన్న గదిలో బల్ల అవతల నర్సు కూర్చుంది. ఇవతల టైలరు, భార్య, మధ్యలో బిడ్డనెత్తుకుని పిచిక. నర్సు ముందొక కాగితం, చేతిలో కలం. తూకం రాసింది, మందులు రాసింది. తర్వాత తలెత్తి, టైలరు కేసి చూస్తూ ఏదో అడిగింది.

పిచిక ముందు బిడ్డ చొక్కా సర్దింది. నర్సు చేతిలో కలం కేసి చూసింది.

"బిడ్డ ఇంకా నాజూగ్గా ఉంది కదా, పెద్దవాళ్ళ తోడు కావాలట నాన్నా. తాతగారు ఇక్కడే ఉండిపోతారా, వెళ్ళిపోతారా అని అడుగుతోంది."

టైలరు కూతురి మొహంలోకి చూశాడు. అక్కడ పదిహేనేళ్ళ పిల్ల కనబడింది, పాలిపోయిన మొహంతో. ఆ రోజు తన వైపు తిరిగినప్పుడు కూడా ఆ పిల్ల ఇలాగే చూసి ఉంటుంది. చూసి ఉంటుంది, తనే చూళ్ళేదు.

"ఈసారి నువ్వేం చెప్తే అదే చెప్తాను నాన్నా" అంది పిచిక. "ఒట్టు. వెళ్తానన్నా సరే, అలాగే చెప్తా." చెప్తూ చెప్తూ ఉండగానే బిడ్డ మీదకి వంగి వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

ఇక చెప్పేవాళ్ళు లేరు. నర్సు కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. టైలరు గొంతు సవరించుకున్నాడు. ఆయన దగ్గరున్నవి ఆరు మాటలు. పొడుగూ పొట్టీ పనికిరావు, వదులూ బిగుతూ పనికిరావు. మిగిలినవి రెండు. చూపుడువేలితో తను కూర్చున్న చోటు నేలని చూపించాడు.

"రేపు" అన్నాడు నర్సుతో, ఇక్కడి భాషలో.

నర్సు కనుబొమలు పైకెత్తింది.

"ఎల్లుండి" అన్నాడు. నర్సుకి అర్థమైందో లేదోనని, వేలు నేల మీంచి తీయకుండా మళ్ళీ మొదలుపెట్టాడు. "రేపు. ఎల్లుండి. రేపు. ఎల్లుండి..."

భార్య కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పిచిక తలెత్తి, ఏడుస్తూనే, ముక్కు చీదుకుంటూనే నవ్వేసింది. ఆ రెండు మాటలు నమ్మి ఆ ఊళ్ళో ఎంతమంది ఎన్నిసార్లు కొట్టు చుట్టూ తిరిగారో దానికి తెలియనిదా?

నర్సు మాత్రం నమ్మింది. తలూపి, 'ఉంటారు' అన్న గడిలో గీత పెట్టి, బిడ్డ కాగితాలు తాతగారి చేతికిచ్చింది.